లోపలికి రాని మనిషి

పోయిన వారం అత్తాకోడళ్లిద్దరినీ కదిలే మెట్ల మొదట్లో నిలబెట్టి వచ్చేశాం. ఆ మెట్లు వాళ్లు ఎక్కారు. ఎలా ఎక్కారని అడక్కండి. అత్త కళ్లు మూసుకుంది, కోడలు పళ్లు బిగించింది, ఇద్దరి మధ్యా బుట్ట మాత్రం ఏ భయమూ లేకుండా పైకి పోయింది.

కథ మధ్యలో వచ్చినవాళ్ల కోసం నాలుగు మాటలు. వీళ్లది వెదురుబుట్టలు అల్లుకొని బతికే ఇల్లు. బొంగుల మోపు కాలిమీద పడి కొడుకు మంచంలో ఉన్నాడు. ఏడాదిన్నర పిల్లను అతని దగ్గరే వదిలి వచ్చారు. అత్తకు ఎడమకన్ను మసకబారిందని పక్క టౌనులో చూపిస్తే, అక్కడి డాక్టరు లైటు వేసి చూసి, కంట్లో ఒత్తిడి పెరిగిపోయిందని నగరంలోని పెద్ద కంటాసుపత్రికి ఉత్తరం రాసిచ్చాడు. ఆ జబ్బు చూసే పెద్ద డాక్టరు నెలకొక్క శుక్రవారమే వస్తాడు. పన్నెండు లోపు పేరు రాయించుకోవాలి. ఈ శుక్రవారం తప్పితే మళ్లీ నెలకు. అప్పటిదాకా చూపు ఆగుతుందని ఎవరూ మాట ఇవ్వలేరని ఆయన గట్టిగానే చెప్పాడు. ఆ రోజు పిల్ల ఏడుస్తుంటే కోడలు వరండాలో ఉండిపోయింది కాబట్టి, గదిలో ఆయన ఇంకేమన్నాడో ఆమెకు తెలియదు. “ఎడమది కాస్త మసక, కుడిది బాగానే ఉంది, రాయిలా ఉందన్నాడు” అని అత్తే బయటికొచ్చి చెప్పింది. ఉత్తరం చదువుకుందామంటే అది డాక్టరు చేతిరాత.

నగరంలో ఆడపడుచు ఉంది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. సెలవు దొరకలేదు. పొద్దున్నే తన రైలు కార్డు కోడలి చేతిలో పెట్టి, “ఇది ఉంటే చాలు వదినా, ఎక్కడా ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. తొమ్మిదో స్టేషన్‌లో దిగు. బయటికొస్తే ఎదురుగా ఆసుపత్రే” అని చెప్పి పరుగెత్తింది.

ఇది ఉంటే చాలన్న ఆ మాటను కోడలు నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? వాళ్ల ఊరి బస్సులో ఇద్దరెక్కినా నలుగురెక్కినా కండక్టరు ఇచ్చేది ఒక్క చీటీయే. ఇంటికి ఒక చీటీ. ఈ కార్డూ అలాంటిదే అనుకుంది.

పైగా వాళ్ల నడక ఒకటుంది. పొడుగు బొంగుల మోపును ఇద్దరు మోసేటప్పుడు ముందువాళ్లు ఏ కాలు వేస్తే వెనకవాళ్లూ ఆ కాలే వేయాలి, లేకపోతే మోపు ఊగి భుజం ఒరుసుకుపోతుంది. ఆరేళ్లుగా వెదురు డిపో నుంచి ఇంటికి అలా నడిచీ నడిచీ, చేతిలో మోపు లేకపోయినా వాళ్లిద్దరికీ అదే నడక వచ్చేసింది. ఇవాళ రెండు చెవుల బుట్ట ఒకటి మధ్యలో ఉంది. ముందు చెవి కోడలిది, వెనక చెవి అత్తది. ఎక్కే స్టేషన్‌లో కోడలు కార్డు తాకించింది, గేటు రెక్కలు రెండూ తెరుచుకున్నాయి, కోడలూ బుట్టా అత్తా ఒక్క మనిషిలా, ఒకే అడుగులో లోపలికి జారిపోయారు. గేటు కూడా అలాగే అనుకుంది పాపం. ఎవరో ఒకావిడ సామానుతో వచ్చిందనుకొని రెక్కలు మూసుకుంది.

తొమ్మిదో స్టేషన్‌లో దిగేసరికి గోడమీది గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

ఇంకా నలభై నిమిషాలుంది. కోడలికి ప్రాణం లేచివచ్చింది. జనం మాత్రం చీమలపుట్ట పగిలినట్టు ఉన్నారు. బుట్ట ఎవరి మోకాలికో తగిలి ఆయన కసురుకుంటే, సరేనని దాన్ని చంకకెత్తుకుంది. గేటు దగ్గర కార్డు తాకించి అడుగు బయట పెట్టింది. వెనక టక్కుమని చప్పుడైంది.

తిరిగి చూస్తే రెక్కలు మూసుకొని ఉన్నాయి. అత్త అటు ఉంది.

కార్డు మళ్లీ తాకించింది. ఎర్రలైటు. తుడిచి తాకించింది. ఎర్రలైటే. వెనక నుంచి జనం అత్తను పక్కకు నెట్టుకుంటూ, తమ తమ కార్డులు తాకించి, నీళ్లలా బయటికి పోతున్నారు. అందరికీ తెరుచుకుంటున్న తలుపు ఆమెకొక్కదానికే తెరుచుకోవడం లేదు.

గేటు పక్కన ఎత్తు స్టూలు మీద నీలం చొక్కా ఆయన కూర్చొని ఉన్నాడు. కోడలు అతని దగ్గరికి పరుగెత్తింది.

“అన్నా, మా అత్త లోపల ఉండిపోయింది. కాస్త తీయండి.”

“ఆవిడ కార్డేదమ్మా?”

“ఇదే. ఇద్దరికీ ఇదే.”

అతను కార్డు అందుకొని ముందున్న చిన్న మిషన్ మీద పెట్టి చూశాడు. “ఇందులో ఒక్కరే ఎక్కారు, ఒక్కరే దిగారు. ఆ ఒక్కరూ మీరే. బయటే ఉన్నారు.”

“మరి మా అత్త?”

“ఆవిడ లోపలికి రాలేదు.”

“రాకపోవడమేంటన్నా, అదిగో, స్తంభం పక్కన!”

“నాకూ కనపడుతోందమ్మా. మిషన్‌కు కనపడాలి కదా. లోపలికి రాని మనిషిని బయటికెలా పంపేది? పైన కిటికీలో చెప్పండి, వాళ్లు సరిచేస్తారు.”

పై కిటికీ దగ్గర పదకొండుమంది. కోడలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది, తగ్గుతారేమోనని. తగ్గలేదు. వరస తప్పి ముందుకు పోతే తిట్టారు. తిట్లు తింటూనే అద్దంలోంచి చెప్పుకుంది. లోపలావిడ తల ఎత్తకుండానే, “కార్డు లేకుండా ప్రయాణం చేసిన మనిషి స్వయంగా రావాలి” అంది.

“ఆవిడ లోపల ఉందండి.”

“బయటికి రమ్మనండి.”

“బయటికి రానివ్వడం లేదనే కదండీ మీ దగ్గరికొచ్చింది!”

“అది గేటువాళ్ల పని. గేటు దగ్గర అడగండి. తర్వాతెవరు?”

ఆడపడుచుకు ఫోన్ చేసింది. పనిలోకి వెళ్లేముందు ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేస్తారని తెలుసు, తెలిసే చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కిందికి దిగి నీలం చొక్కా ముందు నిలబడింది. ఈసారి ఆమె మొహం చూసి అతనికే ఏమనిపించిందో, స్టూలు దిగాడు.

“మా పెద్దసారు అవతలి చివర ఉంటారు. ఆయన సంతకం పెడితే తెరవచ్చు. కార్డు నా దగ్గర ఉండనీండి, చూపించాలి. ఎక్కడికీ పోకండి.”

అని ఆ పొడుగు హాలులోకి నడిచిపోయాడు. పోతూ పోతూ దారిలో ఎవరితోనో నవ్వుతూ మాట కలిపాడు కూడా.

కోడలు గేటు పక్కనున్న అద్దం గోడ దగ్గరికి వచ్చింది. ఛాతీ ఎత్తు గోడ. అటు అత్త స్తంభానికి ఆనుకొని, చేతులు రెండూ కట్టుకొని, బస్సుకోసం చూసే మనిషిలా నిమ్మళంగా నిలబడి ఉంది. కోడలు చెయ్యి ఊపింది. అత్త కదల్లేదు. ఇటు రమ్మని సైగ చేసింది. అత్త చిరునవ్వుతో ఎటో చూస్తోంది. మన ప్రాణాలు ఇక్కడ పోతుంటే ఈవిడకు నవ్వెలా వస్తోందని కోడలికి ఒళ్లు మండింది.

“అత్తయ్యా!”

అత్త మొహం తిరిగింది. అద్దం గోడను తడుముకుంటూ నాలుగడుగులు వేసి, సరిగ్గా కోడలి ఎదుటికి వచ్చి ఆగింది. మధ్యలో అద్దం తప్ప జానెడు దూరం లేదు. అక్కడ ఆగి, కోడలి మొహంమీదుగా చూపును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు, గోడమీద పోనిచ్చినట్టు పోనిచ్చి, గొంతు పెంచి పిలిచింది.

“అమ్మాయ్! ఎటున్నావే?”

కోడలు చెయ్యెత్తి అత్త కళ్ల ముందు అటూ ఇటూ ఆడించింది. రెప్ప పడలేదు. ఎడమకన్ను ముందు ఆడించింది. రాయిలా ఉందన్న కుడికన్ను ముందూ ఆడించింది.

“అమ్మాయ్?” ఈసారి అత్త గొంతులో సన్నటి వణుకు.

“ఇక్కడే ఉన్నా.”

“ఓహో. మరి పలకవేం? కార్డు పని అయిందా, లేక ఈ గోడ ఎగిరి దూకమంటావా?”

“నా చేతిలో ఏముంది చెప్పు.”

“ఏముంటుంది, బుట్ట.”

“బుట్ట కింద పెట్టాను. ఇప్పుడు నా చెయ్యి ఎక్కడుంది?”

వెనక ఇంకో రైలు వచ్చి ఆగింది. దిగినవాళ్లు బిలబిలా గేట్లవైపు వచ్చారు. వాళ్ల భుజాలు తగిలినప్పుడల్లా అత్త అద్దాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. జనం తగ్గాక మెల్లగా అంది.

“లైట్లున్నచోట కాస్త తెల్లగా ఉంటుంది. మనుషులు అడ్డొస్తే నల్లగా పోతారు. అంతే.”

“ఎప్పటి నుంచి?”

“ఒక్కరోజున పోయిందా ఏంటి, తేదీ చెప్పడానికి! అంచుల నుంచి కొద్దికొద్దిగా పోయింది. అల్లే పనికి కళ్లెందుకు? బద్ద మందమో పలచనో వేలికే తెలుస్తుంది. ఇంట్లో ఏ గోడ ఎక్కడుందో తెలుసు. బావి దాకా ఎన్ని అడుగులో తెలుసు. నీ వెనక నడిస్తే ఎక్కడికైనా పోగలను.”

“పిల్ల పుట్టినప్పుడు కనపడేదా?”

అత్త బొటనవేలితో అద్దం అంచును రాసింది.

“నీ పోలికేనని అందరూ అంటుంటే నేనూ అన్నాను,” అంది. “ముక్కు నీదే. అది చేత్తో చూశాను. నవ్వు ఎవరిదో ఇంకా తెలియలేదు.”

కోడలికి కోపం వచ్చింది. ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. “ఇన్నాళ్లూ నాటకమాడావా? కిందటేడు నీళ్లబిందెతో ఎదురొచ్చి నవ్వితే మొహం తిప్పుకుని పోయావని నలభై రోజులు నీతో మాట్లాడలేదు నేను! నలభై రోజులు! కళ్లు కనపడటం లేదని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయేది?”

“నువ్వు నవ్వావని నాకేం తెలుసు? నవ్వుకు చప్పుడుండదు కదే.”

“మరి మాట్లాడ్డం మానేసినప్పుడైనా అడగొచ్చుగా!”

“ఎక్కడున్నావని అడగను? నువ్వు మాట్లాడితేనే ఇంట్లో ఎక్కడున్నావో తెలిసేది. ఆ నలభై రోజులూ గిన్నె చప్పుడు కోసం చెవి పెట్టుకొని కూర్చున్నాను.”

కోడలు వంగి అద్దం మీద నుదురు ఆనించింది. చల్లగా ఉంది. గడియారం పదకొండూ నలభై.

“నీ కొడుక్కు తెలుసా?”

“వాడికి తెలిస్తే ముందు నా చేతిలో కత్తి తీసేసుకుంటాడు. మీ మావయ్య పోయాక ఆ కత్తీ, ఆ బొంగులూ తప్ప నాదంటూ ఇంకేం మిగిలిందే? మూల కూర్చోబెట్టి వేళకింత అన్నం పెడతారు. ప్రేమగానే పెడతారులే, కాదనను. మా అమ్మకు అలాగే పెట్టాం మేము.” గొంతు సర్దుకొని తొందరపెట్టింది. “ఇక్కడ నిలబడి నన్ను తిడుతూ కూర్చుంటే టైమైపోతుంది. పో, పోయి పేరు రాయించు. తిట్టడానికి సాయంత్రం బోలెడంత ఉంది.”

“నిన్ను ఇలా వదిలేసా?”

“నేనెక్కడికి పోతాను? లోపలేసి తలుపేశారుగా!”

నవ్వు రాకూడని చోట కోడలికి నవ్వొచ్చింది. “ఆ నీలం చొక్కా ఆయనతో చెప్పి పోతాను, నీకు కనపడదని.”

“వద్దు.” అత్త మొహం గట్టిపడింది. “ఎవరికీ చెప్పకు. గుడ్డిదని తెలిస్తే నాతో మాట్లాడరు. నా పక్కనున్నవాళ్లతో మాట్లాడతారు, ఈవిడకేం కావాలి అని, నేనక్కడ లేనట్టు. మా అమ్మ దగ్గర చూశాను. ఆ డాక్టరుకు నేనే చెప్పుకుంటాను. ఈలోగా నీ నోట రానీయకు. మాటిస్తావా లేదా?”

అవతల డాక్టరు వేళ దాటిపోతోంది. కోడలు మాటిచ్చేసింది. అత్తను గొంతుతోనే నడిపించి, రెండడుగులు కుడికి, ఇంకొకటి, ఇక కూర్చో అని చెప్పి, బెంచీ మీద కూర్చోబెట్టింది. అద్దం ఇవతల నుంచి మనిషిని నడిపించడం ఎంత కష్టమో ఆ మూడడుగుల్లో తెలిసింది. తర్వాత బుట్ట చంకనెత్తుకొని మెట్లమీద పరుగెత్తింది.

ఆసుపత్రి నిజంగానే ఎదురుగా ఉంది. పేర్లు రాసే గదిలో కూర్చున్నావిడ ఉత్తరం అందుకొని చదివింది. డాక్టరు రాతను ఆవిడ అచ్చక్షరాల్లా చదివేసింది. చదివి, కళ్లజోడు మీంచి చూసింది.

“రెండు కళ్లూనా? ఇన్నాళ్లు ఏం చేస్తున్నారమ్మా ఇంట్లోవాళ్లు?”

కోడలు తలవంచుకుంది.

“కుడిదాంట్లో వెలుగు తెలుస్తోందని రాశారు. అది నిలబెట్టొచ్చేమో డాక్టరు చూసి చెప్పాలి. పేరు రాశాను, ఇది ఆఖరి టోకెను. పన్నెండున్నరకు పేషెంటు ఈ కుర్చీలో ఉండాలి. లేకపోతే కొట్టేస్తాను, ఏమనుకోకండి.”

కోడలు టోకెను గుప్పిట్లో బిగించి వెనక్కి పరుగెత్తింది. ఒక కన్నులో వెలుగుంది. నిలబెట్టొచ్చు. మెట్లు దిగుతున్నంతసేపూ ఆ మాటనే అత్తకు ఎలా చెప్పాలా అని నోట్లో కూడబలుక్కుంది. గేటు దగ్గరికి వచ్చి, అద్దం మీదుగా తొంగిచూసింది.

బెంచీ ఖాళీగా ఉంది.

నీలం చొక్కా ఆయన స్టూలు మీదే ఉన్నాడు. ఆమెను చూడగానే మొహం వికసించింది. ఒక మంచిపని చేసిన మనిషి మొహం అది.

“వచ్చారా! పనైపోయిందమ్మా. సారుతో సంతకం పెట్టించాను. ఇదిగో మీ కార్డు.”

“మా అత్త?”

“సారు గది అవతలి చివర కదా, అటు గేటు నుంచే తెరిపించి బయటికి పంపించేశాను. దగ్గరుండి తీసుకెళ్లాను. మీరు ఆసుపత్రికి వెళ్లారని ఆవిడే చెప్పింది. మీ కోడలు ఎదురుగా ఆసుపత్రిలో ఉంటుంది, రోడ్డు దాటి నేరుగా వెళ్లిపోండమ్మా అని చెప్పాను. సరే నాయనా అని నవ్వుతూ వెళ్లింది.”

కోడలు ఇచ్చిన మాట పక్కన పెట్టేసింది.

“ఆవిడకు కళ్లు కనపడవన్నా.”

“ఎవరికి?”

“మా అత్తకు. రెండూ కనపడవు.”

అతను స్టూలు మీంచి లేచిపోయాడు. “అదేంటమ్మా! నా మొహంలోకి చూసే మాట్లాడిందే!”

“గొంతు ఎటుంటే అటు తిరుగుతుంది.”

“అయ్యో, ఆ ముక్క ముందు చెప్పొద్దా!”

అతను ఇంకేమన్నాడో ఆమెకు వినపడలేదు. ఆ పొడుగు హాలంతా పరుగెత్తింది. బుట్ట ఎక్కడ వదిలేసిందో తెలియదు. అవతలి గేటు, అవతలి మెట్లు, చివరికి ఒక్కసారిగా ఎండ.

ఇది ఆసుపత్రి ఉన్న వైపు కాదు, రోడ్డుకు అవతలి వైపు. ఆరు వరసల బళ్లు, మధ్యలో ఇనుపకంచె, ఈ పక్కన పొడుగాటి బస్టాపు. అత్త రోడ్డు మీద లేదు. కంచె దగ్గర లేదు. బళ్లు ఎక్కడా ఆగలేదు, జనం ఎక్కడా గుమిగూడలేదు. అది చూసి ముందు ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి వదలకముందే, మరెక్కడుందన్న భయం పట్టుకుంది.

బస్టాపు స్తంభం మొదట్లో ఒకావిడ గోనె పరుచుకొని దువ్వెనలూ పిన్నులూ అమ్ముతోంది. కోడలు ఆమె ముందు కూలబడింది.

“అక్కా, ఇటుగా ఒక పెద్దావిడ వచ్చిందా? సన్నగా ఉంటుంది, చేతి వేళ్లనిండా గీతలుంటాయి, మెల్లగా అడుగులేస్తుంది...”

“ఇందాకటి ముసలమ్మా? వచ్చింది. ఇదిగో, ఇక్కడే, రోడ్డు అంచునే నిలబడింది.”

“ఎటు పోయింది?”

“ఎటు పోవడమేంటి, బస్సెక్కింది.”

“బస్సా! ఆవిడ బస్సెందుకెక్కుతుంది? రోడ్డు దాటాలి ఆవిడ!”

“అదేమో నాకు తెలియదమ్మాయ్. చెయ్యి ఇలా ముందుకు చాపుకొని నిలబడింది. బస్టాపులో చెయ్యి చాపితే బస్సు ఆపమనే కదా! డ్రైవరు మంచోడు, సరిగ్గా ఆవిడ ముందే ఆపాడు. వెనకనున్నవాళ్లు ఎక్కమ్మా ఎక్కు అని చెరో రెక్కా పట్టుకొని ఎక్కించేశారు. పెద్దావిడని అందరూ ఎంత మర్యాద చేశారో!” ఆమె దువ్వెనలు సర్దుతూ ఆగింది. “ఎక్కాక మాత్రం ఏదో అరిచింది పాపం. తలుపేసేశారు, నాకు వినపడలేదు.”

“ఏ నంబరు బస్సక్కా? ఎటు పోయేది?”

“నంబరు నేనెక్కడ చూస్తాను? నా బేరం నాది. ఎర్ర బస్సు. అంతే తెలుసు.”

కోడలు లేచి నిలబడింది. గుప్పిట్లో టోకెను చెమటకు మెత్తబడింది. బస్టాపు ముందు ఒక బస్సు కదులుతోంది, ఒకటి ఆగుతోంది, దాని వెనక ఇంకో మూడు బారులు తీరాయి. కంచెకు అవతల కూడా కనుచూపు మేర బస్సులే.

అన్నీ ఎర్రవే.